కోనసీమ ఇళ్లలోకి తీగ వచ్చిన దారి

కోనసీమలో చాలా ఇళ్లకు మొదట వచ్చిన తీగ కరెంటుది. తర్వాత టెలిఫోను తీగ, దాని వెనక కేబుల్ టీవీ తీగ, చివరికి వెంట్రుకంత సన్నని గాజు ఫైబర్ వచ్చాయి. ఉమా కొప్పులింగేశ్వరస్వామి ఆలయంతో పేరుపొందిన పలివెల, దాని పక్కనున్న కొత్తపేట, కాస్త దిగువన అమలాపురం, రాజోలు ప్రాంతాల ఊళ్లు, అన్నిచోట్లా దాదాపు ఇదే వరస. ఇప్పుడు ఇంట్లో కనిపించే వై-ఫై రౌటర్, ల్యాన్ వైరు, ఉద్యోగి ల్యాప్‌టాప్‌లోని వీపీఎన్ ఒక్కసారిగా ఊడిపడినవి కావు. ఒక్కొక్కటీ అంతకుముందు వచ్చిన తీగ వేసిన దారిలోనే వచ్చింది.

ఈ చరిత్రను కోనసీమవాళ్లకు అర్థమయ్యేలా చెప్పే ఒక పాత మాట ఉంది: శివారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్లు ప్రధాన కాలువలోకి, అక్కడి నుంచి పిల్ల కాలువల్లోకి, వాటి నుంచి పంట బోదెల్లోకి వస్తాయి. కాలువ మొదట్లో ఉన్న పొలానికి నీరు నిండుగా అందుతుంది. చివరనున్న శివారు భూమికి వచ్చేసరికి పలచబడుతుంది, ఒక్కోసారి అసలు రాదు. సమాచారాన్ని మోసే తీగదీ ఇదే కథ. నూటయాభై ఏళ్లుగా జరిగిన ప్రతి మార్పూ శివారును కొంత ముందుకు జరిపింది. ఊరి దగ్గర ఆగిన తీగ వీధిలోకి, వీధి నుంచి గడపకు, గడప నుంచి వెనక గదికి చేరింది.

తంతి కాలం

భారతదేశంలో తొలి ప్రయోగాత్మక టెలిగ్రాఫ్ లైను 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య వేశారు. 1854 నాటికి తంతి సేవ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. దేశంలో చాలాచోట్ల తంతి స్తంభాలు రైలు పట్టాల పక్కన నడిచాయి. కోనసీమకు ఆ వసతి లేదు. గోదావరి రెండు పాయల మధ్యనున్న ఈ లంక భూమిలో ఈనాటికీ రైలు కూత వినిపించదు; కోటిపల్లి నుంచి నరసాపురం వరకు తలపెట్టిన లైను పనులు ఇంకా సాగుతూనే ఉన్నాయి. ఇక్కడ తంతి అంటే తపాలా కార్యాలయం. పట్టణంలోని కార్యాలయానికి వచ్చిన కబురును మనిషి మోసుకొచ్చి ఇంటి దగ్గర ఇచ్చేవాడు. ఇంట్లోకి తీగ రాలేదు, కాగితం మాత్రమే వచ్చింది. తంతి వచ్చిందంటే ఇల్లంతా గుండెలు చిక్కబట్టుకుని నిలబడిన రోజులవి. ఆ సేవ దేశమంతటా 2013 జులైలో ముగిసింది.

తంతి కాలంలో వచ్చిన ఒక చట్టం మాత్రం ఆ తర్వాత వచ్చిన ప్రతి తీగనూ పాలించింది. అది 1885 నాటి భారత టెలిగ్రాఫ్ చట్టం. తీగ మీదా గాలిలోనూ కబురు పంపే హక్కు ప్రభుత్వానిదేననీ, ఇంకెవరు పంపాలన్నా లైసెన్సు కావాలనీ దాని సారం. ఇంట్లో రేడియో పెట్టుకోవడానికి కూడా తపాలా కార్యాలయంలో ఏటా రుసుము కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవలసి వచ్చేది. 1980ల మధ్య నాటికి ఆ లైసెన్సులు రద్దయ్యాయి. వినడానికే అనుమతి కావలసిన కాలం నుంచి ప్రతి ఇల్లూ సొంతంగా రేడియో తరంగాలు ప్రసారం చేసే కాలం వరకు జరిగిన ప్రయాణమే ఇంటి నెట్‌వర్కు చరిత్రలో సగం.

ఊరి ఎక్స్ఛేంజి

కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో 1882లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి. పల్లెకు ఫోను రావడానికి ఇంకో వందేళ్లు పట్టింది. ఆలోగా దూరపు ఊరితో మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసి, ఆపరేటర్ కలిపేదాకా గంటల తరబడి కూర్చోవడమే. ఆపరేటర్ లేకుండా నేరుగా వేరే ఊరికి డయల్ చేసే ఎస్టీడీ సౌకర్యం దేశంలో 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది.

పల్లెల లెక్క మార్చినది 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్. విదేశీ ఎక్స్ఛేంజీలు ఏసీ గదుల్లో, దుమ్ము లేనిచోట మాత్రమే పనిచేసేవి. మన ఊళ్లలో ఎండ, ఉక్కపోత, దుమ్ము, గంటల కొద్దీ కరెంటు కోత. వీటిని తట్టుకునేలా, ఏసీ అవసరం లేకుండా 128 లైన్ల గ్రామీణ ఆటోమేటిక్ ఎక్స్ఛేంజిని సీ-డాట్ తయారుచేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఒక చిన్న గదిలో ఇమిడే ఆ పెట్టె రావడంతో ఎక్స్ఛేంజి అనేది పట్టణపు సొత్తు కాకుండా పోయింది. ఊరి ఎక్స్ఛేంజి నుంచి రాగి తీగల జతలు స్తంభాల మీదుగా, భూమిలోని కేబుల్ గుండా వీధి పెట్టె దాకా, అక్కడి నుంచి నల్లని డ్రాప్ వైరు రూపంలో ఇంటి చూరు దాకా వచ్చాయి. అదే 1984లో ఫోను పరికరాల తయారీలోకి ప్రైవేటు కంపెనీలను అనుమతించడంతో రంగురంగుల పుష్‌బటన్ ఫోన్లు వచ్చాయి.

పసుపు రంగు ఎస్టీడీ, ఐఎస్‌డీ బూత్‌లు కోనసీమకు ప్రత్యేకంగా ఆసరా అయ్యాయి. రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్, ఖతార్‌లకు పనికి వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్లూ అందులో ఎక్కువే. ఉత్తరం రావడానికి వారాలు పట్టే రోజుల్లో, ముందుగా చెప్పిన వేళకు బూత్ దగ్గర కాచుకుని కూర్చుంటే వినిపించే ఆ రెండు నిమిషాల గొంతు ఎంతో విలువైనది. కోనసీమ ఇళ్లలో నెట్ మీద ఉన్న ఆత్రానికి వినోదం కన్నా ముందున్న కారణం ఇదే. ఏరు దాటి, సముద్రం దాటి వెళ్లినవాళ్ల గొంతు వినాలి.

రాగి తీగకు కోనసీమలో శత్రువులు ఎక్కువ. కొబ్బరి మట్ట పడితే తీగ తెగుతుంది. ఉప్పుగాలికి కీళ్లు చిలుము పడతాయి. వానకు కేబుల్‌లోకి నీరు దిగి గరగర మొదలవుతుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు, టెలిఫోన్ స్తంభాలూ ఆ తోటలతోనే ఒరిగిపోయాయి. తీగ ఒక్కటే ఆధారమైతే తుపాను నాడు ఊరు లోకానికి దూరమైపోతుందన్న పాఠం అప్పటిది.

కేబుల్ ఆపరేటర్

మూడో తీగ ప్రభుత్వం వేసినది కాదు. 1991లో గల్ఫ్ యుద్ధాన్ని ఉపగ్రహ టీవీలో చూపించిన తర్వాత పట్టణాల్లో డిష్ యాంటెన్నాలు లేచాయి. 1995లో జెమినీ, ఈటీవీ మొదలవడంతో తెలుగు ఊళ్లలో కేబుల్ కనెక్షన్‌కు గిరాకీ పెరిగింది. ఊళ్లోని ఒక కుర్రాడు మేడమీద డిష్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా, కొబ్బరి చెట్ల మీదుగా వీధి వీధికీ నల్ల కేబుల్ లాగి, నెలనెలా డబ్బు వసూలు చేసుకునేవాడు. అదే ఏడాది కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల చట్టం వచ్చి, ఆపరేటర్లు తపాలా కార్యాలయంలో నమోదు చేసుకోవాలని చెప్పింది.

ఇంటి నెట్‌వర్కు చరిత్రలో కేబుల్ ఆపరేటర్‌ది పెద్ద చోటు. ఏ వీధిలో స్తంభం ఎక్కడుందో, ఎవరి చూరు మీదుగా తీగ పోనిస్తారో, ఏ చెట్టు మట్ట ఎప్పుడు రాలుతుందో అతనికి తెలుసు. తెగిన గంటలో నిచ్చెన వేసుకుని వచ్చేవాడూ అతనే. ఇరవై ఏళ్ల తర్వాత ఫైబర్ వచ్చినప్పుడు అది నడిచింది ఇతని దారిలోనే.

బ్రాడ్‌బ్యాండ్, మళ్లీ శివారు

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ సేవ మొదలుపెట్టింది. ఫోను లైను మీద మోడెం కూతపెట్టి కలిసే ఆ డయలప్ నెట్ నగరాలకే పరిమితం. నెట్ నడుస్తున్నంతసేపూ ఫోను పనిచేయదు. అమలాపురం లాంటి పట్టణాల్లో గంటకింత అని వసూలు చేసే నెట్ సెంటర్లే చాలామందికి తొలి పరిచయం. ఫలితాలు చూసుకున్నా, విదేశంలోని కొడుకుకు మెయిల్ పంపినా అక్కడే.

2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడింది. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్ని కనీస ప్రమాణంగా పెట్టింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ ఏడీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. దీని గొప్పతనం కొత్త తీగ అక్కరలేకపోవడం. మనిషి గొంతుకు రాగి తీగలో 4 కిలోహెర్ట్జ్ వరకు చాలు. ఆ పైన ఖాళీగా పడివున్న భాగంలో, 1.1 మెగాహెర్ట్జ్ వరకు, డేటాను పంపడమే ఏడీఎస్ఎల్. ఇంట్లో స్ప్లిటర్ అనే చిన్న డబ్బా గొంతును ఫోనుకూ, డేటాను మోడెంకూ విడదీస్తుంది. ఫోను మాట్లాడుతూనే నెట్ చూసే వీలు అప్పుడు వచ్చింది. పగలు లెక్కకు మించి వాడితే బిల్లు పెరిగేది కనుక, అర్ధరాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు పరిమితి లేని ప్లాను తీసుకుని, ఆ వేళకు అలారం పెట్టుకుని డౌన్‌లోడ్లు చేసుకున్న తరం ఒకటుంది.

అయితే ఎక్కువ పౌనఃపున్యం రాగిలో దూరం వెళ్లేకొద్దీ సన్నగిల్లుతుంది. ఎక్స్ఛేంజి పక్కింట్లో నిండుగా వచ్చిన వేగం నాలుగైదు కిలోమీటర్ల అవతల పొలాల మధ్యనున్న ఇంటికి చేరేసరికి ఆవిరైపోతుంది. తీగ ఉంది, ఫోను మోగుతుంది, మోడెం మీద లింకు దీపం మాత్రం నిలవదు. కాలువ శివారులో పొలమున్న రైతు కష్టమే ఇదీ.

వై-ఫైకి అనుమతి

ఏడీఎస్ఎల్ తొలి రోజుల్లో మోడెం నుంచి కంప్యూటర్‌కు ఒక ల్యాన్ కేబుల్ ఉండేది. ఆ కేబుల్ వెనక 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో పుట్టిన ఈథర్నెట్ ఉంది. మొదట్లో అది లావుపాటి కేబుల్ మీద నడిచేది. మెలివేసిన నాలుగు జతల రాగి తీగ, చివర ఫోను జాక్‌ను పోలిన పెద్ద ప్లగ్గు 1990 తర్వాత స్థిరపడ్డాయి. తీగలను మెలివేయడం అందానికి కాదు; పక్క తీగల నుంచి, కరెంటు లైన్ల నుంచి వచ్చే అలజడిని ఆ మెలికలే రద్దు చేస్తాయి. ఒక్కో కేబుల్ 100 మీటర్ల దాకా నమ్మకంగా పనిచేస్తుందన్న కొలత అప్పటి నుంచీ మారలేదు.

తీగ లేని నెట్‌వర్కుకు 1997లో 802.11 ప్రమాణం వచ్చింది. 1999లో వై-ఫై అనే పేరు పెట్టారు. భారతదేశంలో మాత్రం అడ్డంకి పరికరం కాదు, చట్టం. రేడియో తరంగం పంపే ప్రతి పెట్టెకూ లైసెన్సు కావలసి ఉండేది. 2005 జనవరిలో కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు అక్కరలేదని నోటిఫై చేసింది. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైన నెలా అదే. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులోని విశాలమైన భాగాన్ని ఇంటి బయట వాడకానికి కూడా 2018 అక్టోబరులో విడుదల చేశారు. ఒకప్పుడు రేడియో వినడానికి రుసుము కట్టిన ఇళ్లలోనే ఇప్పుడు ఎవరినీ అడగకుండా చిన్న ప్రసార కేంద్రం నడుస్తోంది.

ఈ స్వేచ్ఛతో ఒక బాధ్యత వచ్చింది. 1997 నాటి తొలి వై-ఫై తాళం డబ్ల్యూఈపీని 2001కల్లా పరిశోధకులు ఛేదించారు. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు పంపిన ఉగ్రవాద ఈమెయిల్ నవీ ముంబైలో తాళం లేని ఒక ఇంటి వై-ఫై నుంచి వెళ్లిందని దర్యాప్తులో బయటపడింది. ఆ తర్వాత వై-ఫై కనెక్షన్లకు తాళం తప్పనిసరి చేయాలని టెలికాం శాఖ సర్వీసు సంస్థలను ఆదేశించింది. పాస్‌వర్డ్ లేని వై-ఫై మంచితనం కాదనీ, గడియ పెట్టని వీధి తలుపనీ జనానికి తెలిసింది అప్పుడే.

మోరి ఊరు, గాజు తీగ

రాగి పెట్టిన దూరపు హద్దును గాజు తీగ చెరిపేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థను ఏర్పాటు చేసింది. భూమి తవ్వి కేబుల్ పాతితే వేల కోట్లు, ఏళ్ల కాలం కావాలి. దానికి బదులు ఉన్న కరెంటు స్తంభాల మీదే ఫైబర్ లాగాలని నిర్ణయించి, సబ్‌స్టేషన్లను కూడళ్లుగా వాడుకున్నారు. మొదటి దశలో సుమారు 24 వేల కిలోమీటర్ల కేబుల్ అలా స్తంభాల మీదుగా వెళ్లింది.

ఈ పథకంలో తొలి ఊరిగా కోనసీమలోని ఒక గ్రామం చరిత్రకెక్కింది. సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామాన్ని స్మార్ట్ విలేజ్ నమూనాగా తీసుకున్నారు. ఆ ఊరివాడైన సోలమన్ డార్విన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో ఆచార్యుడు. ఆయన చొరవతో ఈ ప్రయోగం మొదలైంది. 2016 డిసెంబరు 29న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మోరిలో ఫైబర్ సేవలను ప్రారంభించారు. ఏడాది తర్వాత, 2017 డిసెంబరు 27న, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో రాష్ట్రవ్యాప్త సేవను ఆరంభించారు. నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను మూడూ ఒకే తీగ మీద అందించడం అప్పట్లో దాని ప్రత్యేకత. కనెక్షన్లు ఇచ్చింది, వీధిలో తీగ లాగింది స్థానిక కేబుల్ ఆపరేటర్లే. సముద్రానికి దగ్గరలోని రాజోలు దీవి చివర ఊరు ఎన్నో పట్టణాల కన్నా ముందే ఇంటింటి ఫైబర్ చూసింది. శివారే కాలువ మొదలు అయింది.

ఇంటికి వచ్చే ఫైబర్ పనితీరు కాలువ పద్ధతినే గుర్తుచేస్తుంది. కూడలిలోని యంత్రం నుంచి ఒక గాజు తీగ బయల్దేరుతుంది. దారిలో స్ప్లిటర్ దగ్గర ఆ వెలుగు 32 లేదా 64 పాయలుగా చీలుతుంది. ఒక్కో పాయ ఒక్కో ఇంటికి. దీనికి జీపాన్ అని పేరు. కిందికి సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు అందరూ కలిసి పంచుకుంటారు. కూడలి నుంచి 20 కిలోమీటర్ల దాకా వేగం తగ్గదు. రాగితో నాలుగు కిలోమీటర్లకే ఎండిపోయిన నీరు గాజుతో మండలం దాటి పారుతుంది. ఫైబర్‌లో కరెంటు ఉండదు కాబట్టి పిడుగు దాని వెంట ఇంట్లోకి రాదు; వానకు గరగర లేదు. మట్ట పడితే తెగడం మాత్రం తప్పలేదు. తెగిన గాజును కరిగించి అతికే స్ప్లైసింగ్ మెషీన్ ఇప్పుడు ఆపరేటర్ల సంచిలో ఉండే పనిముట్టు.

కనబడని తీగ: వీపీఎన్

నాలుగు తీగల తర్వాత ఐదోది కంటికి కనబడదు. రెండు కార్యాలయాలను కలపాలంటే 1990ల వరకు సంస్థలు టెలికాం శాఖ దగ్గర లీజు లైను అద్దెకు తీసుకునేవి. అది ఖరీదైన పని. అందరూ నడిచే ఇంటర్నెట్ రహదారి మీదే తమ డేటాను ఎవరూ చదవలేని గూఢలిపిలో కట్టి పంపితే విడి లైను అక్కరలేదన్నదే వీపీఎన్ ఆలోచన. 1990ల మధ్యలో ఐపీసెక్, పీపీటీపీ అనే పద్ధతులు వచ్చాయి. 2001లో ఓపెన్ వీపీఎన్, 2020 మార్చిలో లైనక్స్ కెర్నెల్‌లో భాగమైన వైర్‌గార్డ్ ఆ వరసలో తర్వాతివి. ముందువి బరువైనవి, వైర్‌గార్డ్ కొన్ని వేల వరుసల ప్రోగ్రాంతోనే ముగుస్తుంది, చిన్న రౌటర్ కూడా దాన్ని మోయగలదు.

భారతదేశంలో ఇంటి నుంచి కాల్ సెంటర్, ఐటీ సేవల పని చేయడానికి చాలాకాలం కఠిన నిబంధనలు ఉండేవి. లైసెన్సు ఉన్న టెలికాం సంస్థ ఇచ్చే వీపీఎన్‌నే వాడాల్సి వచ్చేది. కంపెనీ కోటి రూపాయల బ్యాంకు గ్యారంటీ పెట్టాల్సి వచ్చేది. ఆ గోడ ఉన్నట్టుండి కూలింది. కొవిడ్ ముంచుకొస్తుండగా 2020 మార్చి 13న టెలికాం శాఖ ఈ షరతులను సడలించింది. 25న దేశమంతా లాక్‌డౌన్. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల నుంచి ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లతో సొంతూళ్లకు చేరారు. అదే ఏడాది నవంబరులో వచ్చిన కొత్త మార్గదర్శకాలు ఉద్యోగి ఇంటిని కంపెనీకి దూరపు సీటుగా గుర్తించాయి. 2021 జూన్‌లో మరింత సడలింపు వచ్చింది. పెంకుటింటి వసారాలో కుర్చీ వేసుకున్న మనిషి చట్టం దృష్టిలో ఆఫీసులో కూర్చున్నట్టే అయింది.

కోనసీమ కుటుంబాలకు వీపీఎన్ మాట ఇంకో దారిలోనూ తెలుసు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్‌పై ఆంక్షలున్నాయి; అనుమతి పొందిన బోటిమ్ వంటి యాప్‌లు వాడుకోవాలి. నేరానికి గానీ నేరాన్ని దాచడానికి గానీ వీపీఎన్‌తో ఐపీ అడ్రసు మారిస్తే అక్కడి చట్టం ప్రకారం లక్షల దిర్హాముల జరిమానా, జైలు కూడా ఉంటాయి. ఇంటి పిల్లల ముఖం చూడాలన్న ఆశకు ఎవరో చెప్పిన ఉచిత యాప్ దించుకోవడం ప్రవాస కూలీకి ప్రమాదం కావచ్చు.

భారతదేశంలో వీపీఎన్ నిషిద్ధం కాదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు ప్రజలకు వీపీఎన్ అమ్మే సంస్థలు ఖాతాదారుల పేరు, చిరునామా, వాడిన ఐపీ వంటి వివరాలను అయిదేళ్లు భద్రపరచాలన్నాయి. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడిపే వీపీఎన్‌లకు ఇది వర్తించదని తర్వాత స్పష్టం చేశారు. కొన్ని విదేశీ సంస్థలు తమ సర్వర్లను భారత్ నుంచి తీసేశాయి.

తూము మూసిన రోజులు

2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి విడిపోయి కోనసీమ జిల్లా ఏర్పడింది. డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదనపై మే 24న అమలాపురంలో హింస చెలరేగింది. జిల్లాలో ఇంటర్నెట్ సేవలు నిలిపేశారు. ఆ నిలిపివేత రోజుల తరబడి సాగింది. ఇంటి నుంచి పనిచేస్తున్న ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఏటి అవతలి సిగ్నల్ అందే గోదావరి గట్ల మీదికీ, పొరుగు జిల్లాల పట్టణాలకూ వెళ్లి పని చేసుకున్నారు. ఫోనుతో డబ్బు చెల్లించే అలవాటు పడిన అంగళ్లు మళ్లీ నోట్లకు తిరిగాయి.

వీపీఎన్ ఉంటే ఆంక్షలను దాటవచ్చన్న నమ్మకం ఎంత అసంపూర్ణమో అప్పుడు తేలింది. వీపీఎన్ రహదారి మీద వేసుకున్న గూడుబండి మాత్రమే. రహదారే మూసేస్తే బండి కదలదు. ఇటువంటి నిలిపివేతలకు అప్పట్లో 2017 నాటి నిబంధనలు ఆధారం. 2020 జనవరి 10న అనురాధ భాసిన్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను ప్రచురించాలనీ, గడువు లేకుండా నిలిపివేయడం చెల్లదనీ, కాలానుగుణంగా సమీక్షించాలనీ చెప్పింది. నెట్ ఇప్పుడు విలాసం కాదనీ, కూలి దొరికే దారి అనీ కోనసీమ ఆ రోజుల్లో అనుభవించి తెలుసుకుంది.

గడప లోపల

ఫైబర్ గడపకు వచ్చాక శివారు ఇంట్లోకి జరిగింది. కోనసీమ ఇల్లు పొడుగ్గా ఉంటుంది. వీధి అరుగు, మండువా, వెనక వసారా, దాని వెనక దొడ్డి, కొబ్బరి తోట. ఫైబర్ పెట్టె మామూలుగా తీగ లోపలికి వచ్చిన చోట, అంటే వీధి గదిలోనే బిగిస్తారు. మట్టి మెత్తిన లావుపాటి ఇటుక గోడలు రెండు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ తరంగం నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ ఇంకాస్త దూరం వెళుతుంది గానీ, దానిలో ఒకదానికొకటి తగలని చానెళ్లు మూడే: 1, 6, 11. ఇరుగుపొరుగు రౌటర్లన్నీ వాటిలోనే ఇరుక్కుంటాయి. ఇనప బీరువా తరంగాన్ని తిప్పికొడుతుంది. నీటి తొట్టి, వానకు తడిసిన కొబ్బరాకులు దాన్ని పీల్చేస్తాయి. ఎండాకాలంలో తోటలోని పంపుసెట్టు గది దాకా వచ్చిన సిగ్నల్ వానాకాలంలో రాకపోవడానికి కారణం ఇదే.

ఈ ఇంటి శివారుకు తొలి మందుగా జనం వై-ఫై రిపీటర్లు కొన్నారు. సన్నగిల్లిన సిగ్నల్‌నే అందుకుని మళ్లీ పంపే ఆ పెట్టెలు మామూలుగా వేగాన్ని సగం చేస్తాయి. మెష్ పెట్టెలు వచ్చాక కొంత మెరుగైంది. నిలిచిన పరిష్కారం మాత్రం పాతదే: తీగ. వీధి గది నుంచి వెనక గదికి ఒక క్యాట్ 6 కేబుల్ లాగి, దాని చివర ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టి, రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇస్తే ఫోను నడిచేచోటల్లా దగ్గరి పెట్టెను పట్టుకుంటుంది. కరెంటును కూడా అదే కేబుల్‌లో పంపే పీఓఈ పద్ధతి వచ్చాక వెనక వసారాలో వేరే ప్లగ్గు కూడా అక్కర్లేదు. పనిచేసే కంప్యూటర్‌ను, టీవీ పెట్టెను ల్యాన్ వైరుకు తగిలిస్తే గాలి మీద భారం తగ్గి ఫోన్లకు వేగం పెరుగుతుంది. దొడ్డి అవతల విడిగా కట్టిన డాబాకు కలపాలంటే రాగి బదులు ఫైబర్ ముక్క వేయడం మేలు. రెండు కట్టడాల మధ్య రాగి లాగితే పిడుగు పడిన రోజున రెండువైపులా పరికరాలు మాడిపోతాయి.

సర్వీసు సంస్థ ఇచ్చిన ఫైబర్ పెట్టెకు సొంత రౌటర్ తగిలించినప్పుడు రెండూ చిరునామాలు పంచడం మొదలుపెడితే చిక్కులు వస్తాయి. ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించి, రౌటర్ పనంతా ఒకదానికే అప్పగించడం సరైన పద్ధతి. ఇంట్లోని అన్ని పరికరాలూ ఒకే బయటి చిరునామా వెనక దాక్కునే ఎన్‌ఏటీ ఏర్పాటు 1994 నాటిది. చిరునామాల కొరత దాని పుట్టుకకు కారణం. ఆసియా ప్రాంతపు పాత ఐపీ చిరునామాల నిల్వ 2011 ఏప్రిల్‌లో చివరి భాగానికి చేరింది. అప్పటి నుంచి సంస్థలు ఒకే చిరునామాను చాలా ఇళ్లకు పంచుతున్నాయి. అందువల్ల దుబాయ్ నుంచి పలివెల ఇంటి కెమెరాను వైర్‌గార్డ్‌తో నేరుగా చూడాలంటే ఇంటికి సొంత చిరునామా ఉండాలి. సంస్థను అడిగి స్టాటిక్ ఐపీ తీసుకోవడం ఒక దారి. కొత్త తరం చిరునామాలైన ఐపీవీ6 ఉన్నచోట అవి వాడడం ఇంకో దారి. ఆఫీసు వీపీఎన్‌కు ఈ చిక్కు లేదు, ఎందుకంటే అక్కడ తలుపు తట్టేది ఇల్లు, తెరిచేది ఆఫీసు.

చివరగా మూడు పనులు మిగులుతాయి. పెట్టె మీద ముద్రించి వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, వై-ఫైకి డబ్ల్యూపీఏ2 లేదా 3 తాళం వేయడం, చుట్టాలకూ అద్దెకున్నవాళ్లకూ గెస్ట్ నెట్‌వర్కు విడిగా ఇవ్వడం. వీటితో పాటు ఫైబర్ పెట్టెనూ రౌటర్‌నూ చిన్న ఇన్వర్టర్‌కు తగిలిస్తే, తుపాను గాలికి వీధిలో కరెంటు పోయినా కూడలిలో బ్యాటరీ ఉన్నంతసేపు తీగ పలుకుతుంది. 1996లో లోకానికి దూరమైన ఊళ్లకు ఆ కొద్ది గంటల మాట ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.